మెటల్ పాటలకు తప్పుడు అర్థాలు

నా నోరే నా కొంప ముంచబోయింది. ముప్పై ఆరేళ్ళు దాటి, సివిల్స్‌కి ఇదే ఆఖరిసారి అని తెలిసి, ఏడ్చి మొత్తుకుని ఇంటర్వ్యూ దాకా వచ్చాను. అక్కడ నన్ను ముంచబోయింది చరిత్ర కాదు, రాజ్యాంగం కాదు, మెటల్ పాటలు. గిటార్లు పెట్టి అరుస్తారే, అవి. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

సివిల్స్ దరఖాస్తులో హాబీలు అని ఒక గడి ఉంటుంది. ఢిల్లీలో సివిల్స్ కోచింగ్‌ల పేట ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఆ గడి గురించి జరిగినంత చర్చ పెళ్ళిసంబంధాల గురించి కూడా జరగదు. యోగా రాయకు, అందరూ రాస్తారు. వంట రాయకు, ఆడపిల్ల కదా అని తేలిగ్గా తీసేస్తారు. పుస్తకాలు చదవడం అని రాశావో, ఆఖరుగా ఏం చదివావని పీక మీద కూర్చుంటారు. ఏదైనా కొత్తది రాయి, కానీ నిజమైనది రాయి అని సీనియర్లు చెప్పారు. నేను కొత్తదీ నిజమైనదీ రాశాను. మెటల్ పాటల సాహిత్యం, అందులోని మత చిహ్నాలు. అంత వివరంగా రాసి చావమని ఎవరూ చెప్పలేదు. అది నా అతితెలివి.

ఆ ఇష్టం మాత్రం నిజమే. హాస్టల్లో నా గదికీ పక్క గదికీ మధ్య గోడ అని పిలిచేది ఒక ప్లైవుడ్ చెక్కని. అవతల నాగాలాండ్ అమ్మాయి ఉండేది. చదువుకునేటప్పుడు ఆ పిల్లకి మెటల్ పాటలు కావాలి. గిటార్లు రంపం కోసినట్టుండేవి, పాడేవాడి గొంతులో ఏదో ఇరుక్కున్నట్టుండేది. ఒకరోజు ఒళ్ళు మండి వెళ్ళి తలుపు బాదాను. ఆ పిల్ల నవ్వుతూ "దీదీ, పహలే లిరిక్స్ పఢో", ముందు పాట చదువు అని ఫోన్ నా చేతిలో పెట్టింది. తిట్టడానికి వెళ్ళినదాన్ని అక్కడే ఆమె మంచం మీద కూర్చుండిపోయాను.

ఆ పాటల నిండా నాకు తెలిసినవే. వధకు తెచ్చిన గొర్రెపిల్ల, ఒక్కొక్కటే విప్పుతుంటే లోకం వణికిపోయే ముద్రలు, పాలిపోయిన గుర్రం మీద వచ్చే మరణం, సముద్రంలోంచి లేచే మృగం. మా వాడ చర్చిలో చాప మీద కూర్చుని, ఆవలింతలు ఆపుకుంటూ, బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి విన్న మాటలు. ఇవి మా పాటలే కదా అనుకున్నాను. మా దగ్గర కంజీర, వీళ్ళ దగ్గర డ్రమ్ములు, అంతే తేడా.

అప్పటినుంచి అదొక పిచ్చి పట్టుకుంది. బయటివాళ్ళకి మేక తల కనిపిస్తే దయ్యం అంటారు. నాకు తీర్పు రోజున గొర్రెల్ని కుడివైపు, మేకల్ని ఎడమవైపు నిలబెట్టడం గుర్తొచ్చేది. పాడేవాడు ఎడమవైపు నిలబడి, మమ్మల్ని ఎందుకు ఇటు నిలబెట్టావని అడుగుతున్నాడు. వాడలో పుట్టినదాన్ని, ఆ ప్రశ్న నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది. తలకిందుల సిలువ చూసి జనం జడుసుకుంటారు. ప్రభువు చచ్చినట్టు చచ్చే యోగ్యత తనకు లేదని, తనని తలకిందులుగా వేలాడదీయమన్న శిష్యుడి కథ మా పాస్టరు గారు ఎన్నిసార్లు చెప్పారో. దేవుణ్ణి తిట్టే పాటలంటే నాకు మరీ ఇష్టం. నమ్మకం పోయినవాడు తిట్టడు, లేచి వెళ్ళిపోతాడు. తిడుతున్నాడంటే ఇంకా గుమ్మం ముందే నిలబడి ఉన్నాడని అర్థం.

అసలు ఇంటర్వ్యూకి ముందు కోచింగ్ సెంటర్లలో నకిలీ ఇంటర్వ్యూలు పెడతారు, మాక్ అంటారు. కెమెరాలో తీసి మనకు చూపిస్తారు, బాగా వస్తే ఇంటర్నెట్‌లో కూడా పెడతారు. నా మాక్‌కి ఒక రిటైర్డ్ అధికారి అధ్యక్షుడు. నా కాగితం చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "మెటల్ అంటే దయ్యాల పూజ కదా. రేపు నువ్వు కలెక్టర్ అయితే ఇలాంటి కచేరీకి అనుమతి ఇస్తావా?" అని అడిగాడు.

ఇక చూడండి నా విజృంభణ. అనుమతి సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, గొర్రెపిల్ల దగ్గర మొదలుపెట్టాను. ముద్రలు వరసగా చెప్పాను. మృగం ఎవరు, దాని 666 అంకె వెనక ఏ చక్రవర్తి ఉన్నాడంటారు, రక్తంలో ఉతికిన బట్ట తెల్లగా ఎలా అవుతుంది, ఆస్తీ పిల్లలూ పోయి బూడిదలో కూర్చుని దేవుణ్ణి వాదానికి పిలిచిన మనిషి ఏమన్నాడు. అన్నీ చెప్పాను. మధ్యలో ఒక మాటకి ఇంగ్లీషు తట్టక తెలుగులోనే అనేశాను, అదీ పాత బైబిలు తెలుగులో. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. అదరగొట్టాను అనుకున్నాను.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. "బేటా, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావ్?" అని హిందీలో అడిగాడు. చిన్నప్పటినుంచీ వింటున్నదే సార్ అన్నాను. ఎక్కడ వింటున్నావ్ అన్నాడు. చర్చిలో అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆయన కాగితంలో నా మతం చూశాడు, వయసు చూశాడు. కెమెరా అబ్బాయికి చెయ్యి ఊపి ఆపించాడు. ఇది ఎక్కడా పెట్టొద్దు, చెరిపెయ్ అన్నాడు. మిగతావాళ్ళని టీకి పంపించి, కుర్చీ నా వైపు లాక్కున్నాడు.

"పుస్తకాల్లో నేర్చుకున్నవాళ్ళు ఇలా చెప్పరు" అన్నాడు మెల్లగా. "బోర్డు నీ మతం అడగదు. అడగకూడదు కూడా. కానీ నువ్వు అడక్కుండానే చెప్పేస్తున్నావ్. ఎవరికో అనుమానం వచ్చి, తర్వాత ఎవరో ఒక ఫిర్యాదు పెడితే, సర్టిఫికెట్ మీద విచారణ వస్తుంది. నీ వయసుకి ఆ కాగితం లేకపోతే ఏముంటుందో నీకు తెలుసు కదా."

తెలుసు. ఏమీ ఉండదు. నాది ఎస్సీ సర్టిఫికెట్. వయసులో సడలింపు దాంతోనే వచ్చింది. అది చెల్లదంటే నేను ఈ పరీక్ష రాయడమే చెల్లదు. చట్టం ప్రకారం క్రైస్తవంలోకి మారిన మాలకి ఆ సర్టిఫికెట్ ఉండదు. కాగితం మీద మేము హిందువులం, తాత కాలం నుంచి అలాగే రాయించారు. ఆదివారం మాత్రం చర్చికి వెళ్తాం. మా వాడలో అందరిదీ అదే లెక్క, ఎమ్మార్వో ఆఫీసుకీ తెలుసు, ఊరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మా ఊరి టీకొట్టులో మా నాన్నకి వేరే గ్లాసు పెట్టినవాడు, నువ్వు ఏ దేవుడికి దండం పెడతావురా అని అడిగి పెట్టలేదు. గ్లాసు దగ్గర రాని మతం కాగితం దగ్గర ఎందుకొస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థం కాకపోయినా భయం మాత్రం వేసింది. ఆ రోజు మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పక్కనుంచి వెళ్ళేవాళ్ళు పరీక్ష పోయిందనుకుని ఉంటారు, ఆ పేటలో అది వింత కాదు.

దరఖాస్తు వెళ్ళిపోయింది, హాబీ మార్చడానికి లేదు. ఇక మిగిలింది ఒక్కటే. నాకు తెలిసినదంతా తెలియనట్టు చెప్పడం నేర్చుకోవాలి.

అందులో నాకు గురువు రీడింగ్ రూమ్‌లో పక్క సీటు తమ్ముడు. కరీంనగర్ వైపు పిల్లాడు, మంచివాడు, నా సంగతి మొత్తం తెలిసినవాడు అతనొక్కడే. రీడింగ్ రూమ్ కింద చాయ్ బండి దగ్గర నిలబెట్టి ప్రశ్నలు అడిగేవాడు. నేను జవాబు మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"అక్కా, నువ్వు పాస్టరమ్మ లెక్క చెప్తున్నవ్. టూరిస్టు లెక్క చెప్పాలె."

"టూరిస్టు ఎలా చెప్తాడు?"

"గొర్రెపిల్ల అంటే అమాయకత్వానికి గుర్తు అంటడు. ఫుల్‌స్టాప్. గంతకంటె వానికి తెల్వదు."

"అమాయకత్వం కాదు రా అది. పస్కా పండగ రాత్రి గుమ్మాలకి రాసిన నెత్తురు..."

"జూస్తివా. మళ్ళ పాయె."

ఇలా సాగేది మా చదువు. నెత్తురు అంటే పారిశ్రామిక సమాజంలోని హింస. మృగం అంటే అధికారం. నరకం అంటే నగరజీవితంలో ఒంటరితనం. తలకిందుల సిలువ అంటే సంప్రదాయం మీద తిరుగుబాటు. ఒక్కొక్క గుర్తుకీ ఒక తప్పుడు అర్థం, కాకపోతే సగం అర్థం, ఇంగ్లీషు వ్యాసంలో రాసినట్టు. నేను చెప్తుంటే నాకే అసహ్యం వేసేది. ఒకసారి చాయ్ కప్పు నేలకేసి కొట్టాను. "తెలియనివాళ్ళు తెలుసని చెప్పి నెగ్గుతున్నారు. నేను తెలిసి కూడా తెలియదని చెప్పి చావాలి" అన్నాను. చాయ్ భయ్యా "దీదీ, ఠండా హో గయా థా క్యా", చల్లారిపోయిందా అని ఇంకో కప్పు ఇచ్చాడు. తమ్ముడు నవ్వలేదు. "అక్కా, ఒక్క అర్ధగంట. గా అర్ధగంట యాక్టింగ్ చెయ్యి. తర్వాత నీ బతుకు నీది" అన్నాడు. పిచ్చోడు, అర్ధగంటతో అయిపోతుందనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

నా అవస్థంతా అమ్మకి ఫోన్లో చెప్పాను. మా అమ్మ ఒంగోలు వైపు మా ఊళ్ళోనే అంగన్‌వాడీలో ఆయా. అవి ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాలు, నాకోసం పగలంతా ఉపవాసం ఉంటోంది. అన్నీ విని, "మన సంగతి ఢిల్లీలో వాళ్ళకెట్టా తెలుసుద్దే?" అంది.

"ఎట్టా తెలుస్తుందా. పాస్టరు గారి అబ్బాయి చర్చిలో ప్రతిదీ ఫోన్లో తీసి నెట్‌లో పెడుతున్నాడు కదా. నీ నాలుగో మాట కూడా ఉంది అందులో. ఎవరైనా మన ఇంటిపేరు కొడితే చాలు, నువ్వే కనపడతావు" అన్నాను. గట్టిగానే అన్నాను. నా భయంలో నాకు ఒళ్ళు తెలియడం లేదు.

నాలుగో మాట అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిల్లో మధ్యాహ్నం మూడింటి దాకా ఆరాధన ఉంటుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలనీ ఏడుగురికి పంచుతారు, ఒక్కొక్కరు లేచి ఒక్కో మాట మీద ప్రసంగిస్తారు. నాలుగోది, దేవా నన్ను ఎందుకు వదిలేశావని అడిగే మాట. దాన్ని ఎవరూ కోరుకోరు. మా నాన్న గ్రానైట్ క్వారీలో రాయి దొర్లి పోయిన ఏడు, ఆడవాళ్ళ తరఫున ఆ మాట అమ్మకి వచ్చింది. అమ్మ లేచి నిలబడి ప్రసంగం చెయ్యలేదు. అడిగింది. పిల్లని పెట్టుకుని నేనెట్టా బతకాలి, ఆ పూట నువ్వు యాడున్నావు, నన్నెందుకు ఇడిచిపెట్టావు అని, సిలువ వైపు చూసి, పక్కింటి మనిషిని నిలదీసినట్టు నిలదీసింది. పాస్టరు గారు తలవంచుకున్నారు. చర్చిలో ఆడవాళ్ళంతా ఏడ్చారు. ఆ తర్వాత ప్రతి ఏడూ నాలుగో మాట అమ్మదే. వేరేవాళ్ళు చెప్తే ఎవరికీ ఆనేది కాదు. ఏడాది పొడుగునా ఒకరి మాటకి ఎదురు చెప్పని మనిషి, ఆ ఒక్కపూట దేవుడితో తగువు పెట్టుకునేది. ఆ హాస్టల్ గదిలో మొదటిసారి ఆ పాట చదివి మంచం మీద కూర్చుండిపోయింది ఎందుకంటే, అందులో నాకు మా అమ్మ గొంతు వినిపించింది.

ఫోన్లో నేను అలా అన్నాక అమ్మ "సర్లే. నువ్వేం దిగులు పడమాక. చదువుకో" అని పెట్టేసింది.

ఇంటర్వ్యూ రోజు చీర కట్టుకుని, తమ్ముడు ఆటో ఎక్కించి పంపితే వెళ్ళాను. మొదట మా జిల్లా గురించి అడిగారు, ఫ్లోరైడ్ నీళ్ళ గురించి, అంగన్‌వాడీల గురించి. చెప్పాను. చెప్తూనే ఉన్నాను కానీ చెవులు ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాయి. చివర్న కూర్చున్న సభ్యుడు వయసులో పెద్దవాడు, మెత్తటి మనిషి. నా కాగితం చూసి ముచ్చటపడ్డాడు.

"ఈ పాటల్లో చాలాచోట్ల మనిషి దేవుణ్ణి నిలదీస్తాడు కదమ్మా. నన్నెందుకు వదిలేశావంటాడు. దీన్ని నువ్వెలా అర్థం చేసుకుంటావు? ఇది మతాన్ని అవమానించడం కాదా?"

అన్ని గుర్తులుండగా ఆయనకి అదే దొరికింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. టూరిస్టు లెక్క చెప్పాలె. చెప్పాను. ఫ్యాక్టరీలు మూతపడిన ఊళ్ళ నుంచి పుట్టిన సంగీతం సార్, అక్కడ దేవుడు అంటే అధికారానికి సంకేతం, ఆ ప్రశ్న నిరుద్యోగ యువత తమ వ్యవస్థని అడుగుతున్న ప్రశ్న, కాబట్టి దీన్ని అవమానంగా కాక సామాజిక నిరాశగా చూడాలి. బాగానే వచ్చింది. ఆయన తల ఊపాడు, కానీ తృప్తి పడలేదు.

"ఇంకా పాత మూలం ఒకటుంది దీనికి. నీకు తెలుసా?"

"తెలియదు సార్."

ఆయన ముందుకు వంగాడు. క్లాసులో ఇష్టమైన పాఠం వచ్చినప్పుడు మాస్టారి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన ముఖం. సిలువ గురించి చెప్పాడు, మధ్యాహ్నం చీకటి కమ్మడం గురించి చెప్పాడు, ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఒక్క పొరపాటు లేదు. ఎంతో శ్రద్ధగా, ఎంతో ప్రేమగా చెప్పాడు. అలా అడిగినవాడు విశ్వాసం పోగొట్టుకోలేదమ్మా, వదిలేసినవాడితోనే ఇంకా మాట్లాడుతున్నాడు చూడు అన్నాడు. అచ్చం నేననుకునే మాటే. నేను కొత్త సంగతి వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాను.

"దీన్ని ఎవరైనా పైకి చెప్తుంటే ఎప్పుడైనా విన్నావా?" అని అడిగాడు.

"లేదు సార్. ఎప్పుడూ వినలేదు."

"వీలైతే ఒకసారి విను. నీ పాటలు ఇంకా బాగా అర్థమవుతాయి."

"తప్పకుండా సార్. థాంక్యూ సార్" అన్నాను. బయటికొచ్చాను. మనిషన్నవాడు ఇంతకంటే దిగజారడు అనిపించింది. ఆ మాటకొస్తే నన్నెవరూ దిగజార్చలేదు, ఆ పెద్దాయన నాతో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చెప్పులు ఈడ్చుకుంటూ గేటు దాకా నడిచాను.

ఫలితాల్లో నా నంబరు ఉంది. ర్యాంకు చివర్లోదే అయినా ఉద్యోగం వచ్చింది, శిక్షణ అయ్యాక ఢిల్లీలోనే వేశారు. ఇప్పుడు మయూర్ విహార్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో ఉంటున్నాను. వచ్చిన రోజున సంతోషపడలేదని అనను, చాలా పడ్డాను. కానీ పోస్టులో ఏ కవరు వచ్చినా ముందు పంపినవాళ్ళ పేరు వెతుక్కుంటాను. ఎవరు ఏ ఫిర్యాదు పెట్టారో అని. జనక్‌పురిలో తెలుగు చర్చి ఉందని తెలుసు, అటువైపు మెట్రోలో వెళ్ళాల్సొస్తే తల వంచుకుని ఫోన్ చూసుకుంటాను. మెటల్ పాటలు కూడా మానేశాను. పెట్టుకుంటే ఆ తప్పుడు అర్థాలే ముందు వినిపిస్తున్నాయి.

ఈ ఏడు గుడ్ ఫ్రైడే నాడు సెలవు. తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉన్నాను, ఉపవాసంతో. మధ్యాహ్నం మనసు ఆగక అమ్మకి ఫోన్ చేశాను. చర్చిలో ఉంటుంది, ఎత్తదు, మోగితే చాలు అనుకున్నాను. మొదటి రింగుకే ఎత్తింది. వెనక దూరంగా మైకులో మగగొంతు ప్రసంగం వినిపిస్తోంది.

"చర్చికి పోలేదా?"

"ఇంట్లోనే ఉన్నా. బియ్యం ఏరుకుంటన్నా. మైకు ఇనపడతానే ఉందిగా."

"ఎన్నో మాట నడుస్తోంది?"

"నాలుగోది. పాస్టరు గారి బామ్మర్ది చెప్తన్నాడు. బానే చెప్తన్నాడులే."

"అదేంటమ్మా. నువ్వెందుకు చెప్పట్లేదు?"

"మానేశాగా. నీ ఇంటర్వ్యూకి ముందే పాస్టరు గారికి చెప్పేశా. వాళ్ళ పిల్లోడి చేత ఫోన్లో పాతయ్యన్నీ తీసేయించా. ఇంక మనకెందుకులే అయ్యన్నీ."

అంటే అప్పట్నుంచీ చెప్పడం లేదన్నమాట. నేను ఒక్కసారి కూడా అడగలేదు. "ఉద్యోగం వచ్చేసింది కదమ్మా, ఇంకేం భయం" అన్నాను.

"వచ్చినాకే గదా జాగర్తగా ఉండాల్సింది" అంది అమ్మ.

మైకులో ఆయన మొదటి విషయం, రెండవ విషయం అని విడగొట్టి చెప్తున్నాడు. ఎక్కడా ఎవరినీ ఏమీ అడగడం లేదు. నాకు దుఃఖం ఆగలేదు.

"అమ్మా, నాకు చెప్పు. నాలుగో మాట నాకొక్కదానికే చెప్పు. ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు."

చేటలో బియ్యం కదలడం ఆగిపోయింది. "ఫోన్లో వద్దులేమ్మా" అంది అమ్మ, చాలా చిన్న గొంతుతో. "ఎవరన్నా ఇంటారు."

తర్వాత గొంతు పెంచి, నిజంగానే మా మధ్య ఎవరో వింటున్నట్టు, "అన్నం తిన్నావా?" అని అడిగింది. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగని మాట అది.

తిన్నానమ్మా అన్నాను.